ప్రభుత్వ భవనంలో పాత లిఫ్టు: డబ్బు ముందుగా ఎక్కడ పెట్టాలి?

నల్లగొండ జిల్లాలో లిఫ్టు గురించి మాట్లాడాలంటే ఫ్లోరైడ్ దగ్గర మొదలుపెట్టాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు మండలాల్లో దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగినవాళ్లలో ఎందరికో వెన్ను వంగిపోయింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. ఆ మనుషులే వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి, పింఛను పని మీద కార్యాలయాలకు, వైద్యం కోసం పెద్దాసుపత్రికి రావాలి. పాలమూరు వైపు చూస్తే, ఊరూరా భవనాలు కట్టడానికి వలస వెళ్లి, నడుము దెబ్బతిని తిరిగి వచ్చిన కూలీలు ఉన్నారు. వీళ్లు కలవాల్సిన అధికారి రెండో అంతస్తులో కూర్చుని, లిఫ్టు పనిచేయకపోతే ఆ కార్యాలయం వీళ్ల వరకూ లేనట్టే.

అలాంటి లిఫ్టుకు ఎట్టకేలకు నిధులు మంజూరైనప్పుడు ముందుగా అందరి చూపూ క్యాబిన్ మీద పడుతుంది. పాతది తీసేసి మెరిసే స్టీలు క్యాబిన్ పెడతారు, బటన్లకు దీపాలు వస్తాయి, లోపల ఫ్యాను తిరుగుతుంది. పైన మెషీన్ గదిలో పాత బ్రేకు, కింద గుంతలో తుప్పు పట్టిన స్ప్రింగులు, అంతస్తుల దగ్గర అరిగిపోయిన తలుపు లాకులు అలాగే ఉండిపోయే అవకాశం ఎక్కువ. ప్రాణం కాపాడే భాగాలన్నీ ప్రయాణికుడి కంటికి కనిపించని చోటే ఉంటాయి. ఖర్చు అంచనా అక్కడి నుంచి మొదలై క్యాబిన్ దాకా రావాలి తప్ప, క్యాబిన్‌తో మొదలై డబ్బు ఉన్నంతవరకు పైకి పాకకూడదన్నది నా వాదన.

‘నిబంధనల ప్రకారం’ అంటే ఏ నిబంధన?

టెండరు పత్రంలో ‘నిబంధనలకు అనుగుణంగా’ అని రాయడం తేలిక. ఏ నిబంధన అన్నది రాయకపోతే ఆ మాటకు బలం ఉండదు. ఇక్కడ మూడు వేర్వేరు పత్రాలు కలుస్తాయి. కాలం విషయంలో మూడింటికీ తలా ఒక లెక్క ఉంది. చిక్కంతా అక్కడే.

మొదటిది నేషనల్ బిల్డింగ్ కోడ్, 2016 కూర్పు. అందులో ఎనిమిదో భాగం భవన సేవలది, లిఫ్టులు దానిలో అయిదో సెక్షన్. నాలుగో భాగం అగ్ని భద్రత. ఎంతటి భవనానికి ఎన్ని లిఫ్టులు కావాలి, వాటి వేగం ఎంత ఉండాలి, అగ్నిమాపక సిబ్బందికి ఏ ఏర్పాటు ఉండాలి అన్నవి ఇది చెబుతుంది. కోడ్ దానంతట అదే చట్టం కాదు. రాష్ట్ర భవన నియమాలు దాన్ని ప్రస్తావించినప్పుడు దానికి కట్టుబాటు వస్తుంది. మన దగ్గర 2012 నాటి జీవో 168 భవన నియమాలు ఈ కోడ్‌నే చూపిస్తాయి. కొత్తగా కట్టే భవనానికి ఇది సూటిగా వర్తిస్తుంది. ముప్పై ఏళ్ల కిందటి భవనాన్ని వెంటనే తనకు తగ్గట్టు మార్చమని మాత్రం అడగదు.

రెండోది భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ రాసిన యంత్ర ప్రమాణం. చాలాకాలం ఐఎస్ 14665 నడిచింది. 2022లో ఐఎస్ 17900 వచ్చింది. ఇది అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8100 ఆధారంగా తయారైంది. దాని మూలాలు యూరప్ వాళ్ల ఈఎన్ 81-20, 81-50లలో ఉన్నాయి. ఇది కొత్త లిఫ్టు కోసం రాసినది. పాత లిఫ్టులో ఏ భాగం మారుస్తామో, ఆ భాగం మేరకు దీన్ని పాటించమని అడగడం న్యాయం. మరి మార్చని భాగాల సంగతి? యూరప్‌లో ఈ ప్రశ్నకే 2003లో ఈఎన్ 81-80 అని వేరే ప్రమాణం తెచ్చారు. పాత లిఫ్టుల్లో ఉండే 74 ప్రమాదాలను గుర్తించి, తీవ్రతను బట్టి వరుసగా తొలగించుకుంటూ రమ్మన్నారు. ఫ్రాన్స్ అదే ఏడాది చట్టం చేసి గడువులు పెట్టింది. మన ఇంజనీర్లు ఆ జాబితా చేతపట్టుకుని ఒక పాత లిఫ్టును పరిశీలిస్తే వద్దనేవారు ఎవరూ లేరు. నేనైతే అంచనా రాసే ముందు అది తప్పనిసరి అంటాను.

మూడోది వికలాంగుల హక్కుల చట్టం, 2016. మిగతా రెండూ ముందుకు చూస్తే, ఇది వెనక్కి తిరిగి చూస్తుంది. ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నిటినీ, నియమాలు వెలువడిన నాటి నుంచి అయిదేళ్లలోగా అందరూ రాగలిగేలా మార్చాలని 45వ సెక్షన్ చెబుతుంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. ఆ లెక్కన గడువు 2022 జూన్‌తోనే ముగిసింది. 89వ సెక్షన్ కింద మొదటి ఉల్లంఘనకు పది వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతి ఉల్లంఘనకు యాభై వేల నుంచి అయిదు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. సలహాల్లా ఉన్న మార్గదర్శకాలను పట్టుకుని చట్టం అమలవుతోందనుకోవడం కుదరదని, తప్పనిసరి ప్రమాణాలను విడిగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

కాబట్టి ‘ఇది పాత భవనం, కొత్త నిబంధన వర్తించదు’ అన్న సమాధానం యంత్రం విషయంలో కొంతవరకు చెల్లుతుంది. మనిషి లోపలికి రాగలడా లేదా అన్న విషయంలో ఎంతమాత్రం చెల్లదు.

తాడు తెగుతుందన్న భయం, తలుపు దగ్గరి ప్రమాదం

లిఫ్టు అనగానే తాడు తెగి కింద పడుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ తానెక్కిన వేదిక తాడును తెగ్గొట్టించి, వేదిక అక్కడే ఆగిపోవడం జనానికి చూపించాడు. అప్పుడు వేదికను ఆపిన సాధనం పేరు సేఫ్టీ గేరు. దాని వారసులే నేటి లిఫ్టుల్లోనూ ఉన్నాయి. వేగం హద్దు మీరగానే గవర్నర్ అనే చక్రం బిగుసుకుని, క్యాబిన్ కింది దవడలు పట్టాలను కరచుకుంటాయి. పైగా మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉక్కు తాళ్లతో నడిచే లిఫ్టులో, మొత్తం తాళ్లకు మోయాల్సిన బరువుకు కనీసం పన్నెండు రెట్ల బలం ఉండాలన్నది ప్రమాణం. తాళ్లను చూడాల్సిందే, తెగిన పోగులను లెక్కపెట్టాల్సిందే. కానీ పాత లిఫ్టులో అసలు భయపడాల్సినవి వేరే రెండు ఉన్నాయి.

మొదటిది బ్రేకు. క్యాబిన్, దాన్ని సరితూచే కౌంటర్ వెయిట్ రెండూ బావి గిలకకు చెరోవైపు కట్టిన బొక్కెనల్లా వేలాడుతుంటాయి. కౌంటర్ వెయిట్ బరువును క్యాబిన్ బరువుకు పూర్తి లోడులో నలభై నుంచి యాభై శాతం కలిపి నిర్ణయిస్తారు. ఉదాహరణకు క్యాబిన్ 800 కిలోలు, లోడు 544 కిలోలు అనుకుంటే కౌంటర్ వెయిట్ 1,072 కిలోల దాకా ఉంటుంది. లోపల ఒక్కరే ఉన్నారంటే అవతలి వైపే రెండు వందల కిలోలకు పైగా ఎక్కువ. అప్పుడు బ్రేకు పట్టు తప్పితే క్యాబిన్ కిందికి పడదు, పైకి దూసుకుపోతుంది. పాత లిఫ్టుల్లో గవర్నర్, సేఫ్టీ గేరు కిందికి పడేటప్పుడు మాత్రమే పట్టుకునేవి. పైకి పోయే క్యాబిన్‌ను ఆపేది ఏదీ ఉండదు. తలుపు తెరిచి ఉండగా, మనిషి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఉండగా క్యాబిన్ కదిలితే ఏమవుతుందో ఊహించండి. అందుకే కొత్త ప్రమాణం దేనికది విడిగా పట్టగలిగే జంట బ్రేకులను, పైకి పోయే అతివేగానికి రక్షణను, తలుపు తెరిచి ఉండగా కదిలితే ఆపే ఏర్పాటును అడుగుతుంది. అంచనాలో ఈ మూడు మాటలూ లేకపోతే మిగతా ఖర్చు ఎంత పెట్టినా అది ఆధునికీకరణ కాదు.

రెండోది తలుపు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శాంతినగర్‌లోని ఒక అపార్ట్‌మెంటులో ఆరేళ్ల బాలుడు క్యాబిన్‌కూ గోడకూ మధ్య ఇరుక్కుని ప్రాణం కోల్పోయాడు. మరుసటి నెలలోనే సిరిసిల్లలో ఒక పోలీసు బెటాలియన్ కమాండెంట్, క్యాబిన్ వచ్చిందనుకుని గేటు తెరిచి అడుగు వేసి, లిఫ్టు తిరిగే నిలువు గూడులో, అంటే షాఫ్టులో పడి మరణించారు. రెండూ తలుపు దగ్గరి ప్రమాదాలే. క్యాబిన్ ఎదురుగా లేనప్పుడు గేటు తెరుచుకోకూడదు, గేటు మూసి తాళం పడనంతవరకు క్యాబిన్ కదలకూడదు. ఈ రెండు పనులనూ చేసేది తలుపు లాకు. అందులో ఒక కొక్కెం, ఒక విద్యుత్ కాంటాక్టు ఉంటాయి. ఏళ్ల తరబడి గేటును ధడాలున లాగి మూయడంతో కొక్కెం వదులవుతుంది, కాంటాక్టు అరుగుతుంది, లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతుంది. పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మెకానిక్ ఆ కాంటాక్టును దాటేసి ఒక చిన్న వైరు కలుపుతాడు. లిఫ్టు నడుస్తుంది, రక్షణ పోతుంది. ఎవరికీ తెలియదు. కొత్త కంట్రోల్ ప్యానెళ్లు తలుపు సర్క్యూట్‌ను నిరంతరం గమనించి, ఇలాంటి అతుకును పట్టుకుని లిఫ్టును ఆపేస్తాయి. రిలేలు అనే పాతకాలపు విద్యుత్ స్విచ్‌లతో నడిచే ప్యానెల్‌కు ఆ తెలివి లేదు.

అందువల్ల చానల్ గేట్ల స్థానంలో సందులు లేని ఆటోమేటిక్ తలుపులు పెట్టడమే నా దృష్టిలో మొదటి ఖర్చు. చీర కొంగు చిక్కుకోదు, పిల్లల చేయి సందులోకి పోదు, మంటలు వస్తే పొగ షాఫ్టు వెంట పై అంతస్తులకు అంత సులువుగా పాకదు. తలుపులో అడ్డం వచ్చినవాళ్లను గుర్తించే సెన్సార్ తెర ఉండాలి. గడప దగ్గర క్యాబిన్‌కూ అంతస్తుకూ మధ్య సందు 35 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఇంకొక చిన్న వస్తువు గురించి చెప్పాలి. క్యాబిన్ గడప కింద నిలువుగా వేలాడే రేకు. 750 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. క్యాబిన్ రెండు అంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు జనం తలుపు లాగి కిందికి దూకుతారు. ఆ రేకు లేకపోతే, దూకినవాళ్లు వెనక్కి తూలి క్యాబిన్ కింది ఖాళీలోంచి షాఫ్టులో పడతారు. మొత్తం పనిలో దాని ఖర్చు లెక్కలోకే రాదు. పాత లిఫ్టుల్లో అది ఉండదు, ఉన్నా పొట్టిగా ఉంటుంది.

గోడలు జరగవు

యంత్రం మార్చవచ్చు, షాఫ్టు గోడలు మార్చలేం. అసలు పరీక్ష ఇక్కడే వస్తుంది.

పాత లిఫ్టులోని బోర్డు చూడండి: ఎనిమిది మంది, 544 కిలోలు. మనిషికి 68 కిలోల లెక్క. పాత భారతీయ ప్రమాణం ప్రకారం ఈ లిఫ్టుకు క్యాబిన్ 1300 మిల్లీమీటర్ల వెడల్పు, 1100 లోతు, తలుపు 800, షాఫ్టు 1900 చదరం. చక్రాల కుర్చీ కోసం భవన నియమాలు సూచించే పదమూడు మంది లిఫ్టుకు క్యాబిన్ 2000 వెడల్పు, 1100 లోతు, తలుపు 900. దానికి షాఫ్టు వెడల్పు 2500 కావాలి. ఆరు వందల మిల్లీమీటర్లు తక్కువ. కాంక్రీటు గోడను తొలిచి సంపాదించగలిగే జాగా కాదు.

ఇక్కడ చాలామంది చేతులెత్తేస్తారు. తొందరపడనక్కర్లేదు. గేరు పెట్టె లేని కొత్త మోటార్లు చిన్నవి, షాఫ్టు లోపలే పైభాగంలో ఇమిడిపోతాయి. కౌంటర్ వెయిట్‌ను వెనక నుంచి పక్కకు జరిపి, ఒక పలక వెనక ఇంకొకటిగా ఒకవైపుకే జరిగే తలుపు పెడితే, అదే 1900 షాఫ్టులో 1100 వెడల్పు, 1400 లోతు ఉన్న క్యాబిన్‌ను 900 తలుపుతో కూర్చోబెట్టే వీలుంటుంది. చక్రాల కుర్చీలో ఒకరు, వెనక తోడుగా ఒకరు అందులో పడతారు. కుర్చీ లోపల తిరగదు కాబట్టి వెనక గోడకు అద్దం కావాలి. బయటికి వెనక్కి వచ్చేటప్పుడు గడప కనిపించేది అందులోనే. కూర్చున్న మనిషికి అందే ఎత్తులో బటన్లు, చూపు లేనివారికి బ్రెయిలీ, అంతస్తు పేరు తెలుగులో వినిపించే గొంతు ఉండాలి. తలుపు కనీసం అయిదు సెకన్లు తెరిచి ఉండాలి, మూసుకునే వేగం సెకనుకు పావు మీటరు దాటకూడదు. బిగుసుకుపోయిన మోకాళ్లతో కర్ర ఊతంగా నడిచే మనిషికి ఆ అయిదు సెకన్లు కూడా తక్కువే. ఎక్కువ పెట్టమని టెండరులో అడగాలి.

అయితే ముందు షాఫ్టును కొలవాలి. కింద ఒక్కచోట టేపు పెట్టి సరిపెట్టుకోకూడదు. పైనుంచి దారం గుండు వేలాడదీసి ప్రతి అంతస్తులో నాలుగు గోడలూ కొలవాలి. పాత షాఫ్టు నిలువుగా లేకపోవడం మామూలే. పది అంతస్తుల భవనంలోనే కాదు, మూడు అంతస్తుల దానిలోనూ గోడ రెండు మూడు అంగుళాలు ఒరిగి ఉండవచ్చు. ఆ కొలతలు టెండరుకు జతచేయకపోతే, గుత్తేదారు పని మొదలయ్యాక ‘పట్టదు’ అంటాడు, క్యాబిన్ చిన్నదైపోతుంది. షాఫ్టు ఎంతకీ చాలదని తేలితే భవనానికి ఆనుకుని బయట ఉక్కు చట్రంతో కొత్త షాఫ్టు లేపడమే దారి.

ఆసుపత్రి విషయంలో మాత్రం ఈ సర్దుబాట్లు పనికిరావు. స్ట్రెచర్ పొడవు దాదాపు రెండు మీటర్లు. పడకల లిఫ్టు క్యాబిన్ లోతు 2400 మిల్లీమీటర్లు ఉండాలి. 1100 లోతు లిఫ్టును ఎంత కొత్తగా మార్చినా రోగిని పడుకోబెట్టి పైకి తీసుకుపోలేం. అక్కడ పాత లిఫ్టు మీద పెట్టే డబ్బుకు ముందు, పడకల లిఫ్టుకు జాగా ఎక్కడుందో చూడాలి.

ఎండ, కరెంటు, నిప్పు

పాత సింగిల్ స్పీడ్ మోటారు బ్రేకు పడేసి ఆగుతుంది. లోడు మారినప్పుడల్లా ఆగే చోటు మారుతుంది. అంతస్తుకు అంగుళం పైన, రెండు అంగుళాలు కింద. చక్రాల కుర్చీ ముందు చక్రం అక్కడే తట్టుకుంటుంది, వృద్ధులు అక్కడే బోర్లాపడతారు. వేగాన్ని మెల్లగా తగ్గించే వీఎఫ్‌డీ డ్రైవు పెడితే పది మిల్లీమీటర్ల తేడాలోపు ఆగుతుంది. కరెంటు ఖర్చూ తగ్గుతుంది.

కానీ ఆ డ్రైవుకు ఎండ పడదు. లిఫ్టు ప్రమాణాలు మెషీన్ గదిలో 5 నుంచి 40 డిగ్రీల మధ్య వేడి ఉంటుందన్న లెక్కతో రాసినవి. నల్లగొండలో మే నెలలో బయటే 43, 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మిద్దె మీది రేకు తలుపు గదిలో ఇంకెంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. పాత రిలేలు ఆ వేడిని భరించేవి, కొత్త ఎలక్ట్రానిక్స్ భరించవు. ఎగ్జాస్టు ఫ్యాను, పైకప్పుకు వేడిని ఆపే పూత, అవసరమైతే ఏసీ కూడా అంచనాలో చేర్చాలి. గుంతలోకి వాన నీరు ఊరకుండా చేయడం కూడా ఇందులో భాగమే.

కరెంటు పోతే క్యాబిన్‌ను దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ పరికరం ఉండాలి. మంటలు వచ్చినప్పుడు లిఫ్టు తప్పించుకునే మార్గం కాదని నేషనల్ బిల్డింగ్ కోడ్ స్పష్టంగా చెబుతుంది. కింది అంతస్తులో ఫైర్‌మన్ స్విచ్ నొక్కగానే లిఫ్టు ఎక్కడా ఆగకుండా కిందికి రావాలి. పదిహేను మీటర్లు దాటిన భవనాలకు అగ్నిమాపక లిఫ్టు గురించి విడిగా నిబంధనలు ఉన్నాయి.

మూసిన రోజులు, అప్పగించే రోజు

ఒకే లిఫ్టు ఉన్న భవనంలో పని వారాల తరబడి సాగుతుంది. ఆ వారాల్లో పై అంతస్తు సేవలు కిందికి రావాలి. సోమవారం ప్రజావాణిని కింది హాలులో పెట్టడం, సదరం పరీక్షలను కింది గదికి మార్చడం కలెక్టర్, సూపరింటెండెంట్ ఒక ఉత్తర్వుతో చేయగలిగినవి. దీన్ని పని కార్యక్రమంలో మొదటి అంశంగా రాయాలని నేను గట్టిగా కోరుతున్నాను.

పని పూర్తయ్యాక రిబ్బను కంటే ముందు బరువులు రావాలి. బ్రేకును లోడుకు 125 శాతం బరువుతో పరీక్షించాలి. 544 కిలోల లిఫ్టులో 680 కిలోలు, దాదాపు పద్నాలుగు సిమెంటు బస్తాల బరువు పెట్టి, పూర్తి వేగంతో కిందికి దిగుతుండగా కరెంటు తీసేసి, బ్రేకు ఒక్కటే ఆపుతుందా అని చూడాలి. గవర్నర్‌ను కావాలనే బిగుసుకునేలా చేసి, సేఫ్టీ గేరు పట్టుకుంటుందో లేదో చూడాలి. ప్రతి అంతస్తులో, క్యాబిన్ లేనప్పుడు తలుపు తెరుచుకుంటుందేమో లాగి చూడాలి. మెయిన్ స్విచ్ ఆపి బ్యాటరీ పరికరాన్ని, ఆ తర్వాత ఫైర్‌మన్ స్విచ్‌ను నడిపించాలి. ఈ పరీక్షలు ఎవరి ఎదుట జరిగాయో, ఫలితం ఏమిటో సంతకాలతో రాసిన కాగితం భవనంలోనే ఉండాలి. ఒక వికలాంగుల సంఘం ప్రతినిధి ఆ రోజు చక్రాల కుర్చీతో అన్ని అంతస్తులూ ఎక్కి దిగితే, ఏ కొలతా పట్టుకోలేని లోపం బయటపడుతుంది.

ఇక నిర్వహణ. బిగించే ధరను విడిగా, వార్షిక నిర్వహణ ఒప్పందాన్ని విడిగా పిలవడం వల్ల నష్టం ఎక్కువ. తక్కువ ధరకు బిగించినవాడు తర్వాతి ఏడాది ఉండడు, వచ్చినవాడికి ఆ ప్యానెల్ పాస్‌వర్డు తెలియదు. అయిదేళ్ల నిర్వహణ ధరను మొదటి ధరతో కలిపి పోల్చాలి. ప్యానెల్ పాస్‌వర్డులు, సర్క్యూట్ డ్రాయింగులు, తలుపు తెరిచే అత్యవసర తాళం చెవి శాఖకు అప్పగించాలని షరతు ఉండాలి. ఇద్దరు సిబ్బందికి ఇరుక్కున్నవారిని బయటికి తీసే శిక్షణ ఇవ్వాలి. మనిషి చిక్కుకున్నప్పుడు మెకానిక్ ఎంతసేపట్లో రావాలో గంటల్లో కాకుండా నిమిషాల్లో రాయాలి. ఆయన హైదరాబాద్ నుంచి బయలుదేరాలంటే ఆ షరతు కాగితం మీదే మిగిలిపోతుంది, కనుక జిల్లా కేంద్రంలోనే మెకానిక్ ఉండాలని కూడా చేర్చాలి. పాత ఒప్పందం మార్చి 31తో ముగిసి, కొత్తది జూన్‌లో కుదిరితే మధ్య రెండు నెలలు ఆ లిఫ్టు ఎవరి బాధ్యతా కాదు. కొత్త ఒప్పందం కుదిరేదాకా పాతదే అదే ధరకు కొనసాగుతుందన్న ఒక్క వాక్యం టెండరులో ఉంటే ఆ ఖాళీ రాదు.